ఊరూ పేరూ లేని తలుపులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పురావస్తు శాఖల అధిపతులకు బహిరంగ లేఖ



పోయిన నెలలో మా మేనకోడలి గృహప్రవేశానికి ఏదైనా మంచి సామాను కొనిపెడదామని హైదరాబాదులో ఒక ఫర్నిచర్ దుకాణానికి వెళ్లాను. పాత ఇళ్ల కలపతో కొత్త సామాన్లు చేసి అమ్మే దుకాణం అది. తలుపు రెక్కని పడుకోబెట్టి పైన అద్దం పరిచిన టీపాయిలు, కిటికీ చట్రాల్లో బిగించిన నిలువుటద్దాలు, చెక్కడపు పైకమ్మిని తలవైపు నిలబెట్టిన మంచాలు, స్తంభాన్ని మూడడుగులకి కోసి చేసిన దీపపు స్టాండ్లు. వాటి మధ్య గోడవారగా ఉన్న ఒక సన్నటి పొడుగాటి బల్ల నన్ను ఆపేసింది. దాని రెండు కాళ్లూ ఒకే స్తంభం. నిలువునా కోసి రెండు బద్దలు చేసి, కోసిన వైపు గోడకి తిప్పి నిలబెట్టారు. పలకకి ఆసరాగా గుర్రపు ముఖాలున్న రెండు చెక్క బ్రాకెట్లు పెట్టారు. అవి గుజరాతు వైపు పనితనంలా ఉన్నాయి. పైన పలకగా పరిచింది మాత్రం గడప.

గడప అని చూడగానే తెలిసింది. రెండు చివర్లా తలుపు తిరిగిన గుంటలు ఉన్నాయి. పాత తలుపులకి మడతబందులు ఉండేవి కావు. రెక్క చెక్కలోంచే కిందికొకటి, పైకొకటి మొనలు తీసి, కిందిదాన్ని గడపలోనూ పైదాన్ని పైకమ్మిలోనూ కూర్చోబెట్టేవారు. ఆ గుంటల అంచులు ఏళ్ల తరబడి పోసిన నూనెకి నల్లబడి, గాజులా నునుపు తేలాయి. ముందు ముఖాన వరసగా ఏడు తామరపూలు. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. గడప పైభాగం పెద్దగా అరగలేదు. మన ఇళ్లలో గడప ఎవరూ తొక్కరు. అరిగిందల్లా తామరపూల రేకులే, అందులోనూ మధ్య మూడు పూలవి ఎక్కువ. శుక్రవారం శుక్రవారం పసుపు రాసిన ఆడవాళ్ల వేళ్లు అరగదీసిన రేకులవి. పైన పాలిష్ పట్టించినా రేకుల సందుల్లో పసుపు ఇంకా ఉంది. గోటితో తాకితే వేలికి అంటింది.

"ఇది ఏ ఊరిదండీ?" అని అడిగాను. "సౌత్ పీస్ సర్, కారైకుడి వైపుది అయ్యుండాలి" అన్నాడు దుకాణంలో అబ్బాయి, మర్యాదగానే. అతనికి తెలిసింది అంతే. అతని యజమానికి అమ్మినవాడికి తెలిసిందీ అంతే అయ్యుంటుంది.

ఆ బల్ల కొన్నాను. ఇప్పుడు మా మేనకోడలి హాల్లో ఉంది. అందుచేత ఈ లేఖ ఆ వ్యాపారం మీద ఫిర్యాదు కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. ఇల్లు పడగొట్టాక ఆ కలపకి మిగిలిన దారులేమిటో నాకు తెలుసు. ఇటుకబట్టీకి పోతుంది, లేదా పెరట్లో వానకి తడిసి చెదలకి పోతుంది. వాటికంటే ఒకరి ఇంట్లో బల్లగా బతకడం వెయ్యి రెట్లు మేలు. ఆ బల్ల చేసిన వడ్రంగి చేతిలో పని ఉంది. స్తంభం కోసిన చోట కూడా చెక్కడం ముక్కవకుండా పువ్వుకీ పువ్వుకీ మధ్య సందు చూసి రంపం నడిపాడు. నా బాధ అంతా "అయ్యుండాలి" అన్న ఆ ఒక్క మాట గురించి. నూరేళ్లు ఒక ఊళ్లో, ఒక ఇంటి ముందు నిలబడిన గడపకి ఊరూ పేరూ లేకుండా పోయింది. అలా పోవడంలో మా ఇంటి పాలు కూడా ఉంది.

మా తాతయ్యగారి ఇల్లు కోనసీమలో. నాలుగు వైపులా పెంకుటి వసారాలు లోపలికి వాలి, నడుమ ఆకాశం కనిపించే మండువా ఇల్లు. వాన పడితే నాలుగు చూర్ల నీళ్లూ మండువాలోకి దూకేవి. దాని చుట్టూ పన్నెండు టేకు స్తంభాలు ఉండేవి. చావడిలో ఉయ్యాలబల్ల, నాన్నమ్మ గదిలో పందిరిమంచం, దాని పక్కన మేం పిల్లలం నలుగురం దాక్కోగలిగినంత భోషాణం. 1996 నవంబరు తుపానుకి కప్పు మీద బంగాళాపెంకులు సగం ఎగిరిపోయాయి. స్తంభాల్లో ఒక్కటీ కదల్లేదు. సింహద్వారం పైకమ్మికి లోపలివైపు, వీధిలోంచి కనిపించని చోట, "క్రోధి సం॥" అని చెక్కి ఉండేది. మొన్న 2024 ఉగాదికి వచ్చింది క్రోధి. అరవయ్యేళ్లు వెనక్కి వెళితే 1964, ఇంకో అరవై వెనక్కి వెళితే 1904. తాతయ్య తండ్రిగారు ఇల్లు కట్టించిన సంవత్సరం అదే.

ఆ ఇల్లు ఒక్కరి ముచ్చట కోసం పుట్టింది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. నీళ్లొచ్చాయి, నీళ్ల వెనక వరి వచ్చింది, వరి వెనక రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. అదే కాలంలో కోరంగి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్లు కూలికీ వ్యాపారానికీ బర్మా వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లందరికీ కొరంగీలనే పేరు పడిపోయేంతమంది వెళ్లారు. బర్మా టేకు బంగాళాఖాతం దాటి మన తీరానికి వచ్చింది. తమిళనాడులో నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మాలో గడించిన డబ్బుతో, బర్మా టేకుతో కారైకుడి చుట్టూ ఉన్న చెట్టినాడు ప్రాంతంలో మేడలు కట్టిన కాలం కూడా ఇదే. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించాయి. చెట్టియార్ల డబ్బూ ఆగిపోయింది, మన వలసా ఆగిపోయింది. మా ఊరి తలుపు రెక్క మీద ఆనకట్ట ఉంది, సముద్రం ఉంది, ఒక యుద్ధం ఉంది. జిల్లా చరిత్ర పుస్తకం రాసేవాడికి శాసనం ఎంత అవసరమో ఆ తలుపూ అంతే అవసరం.

2009లో ఆ ఇల్లు పడగొట్టించాం. తప్పు ఎవరి మీదా వెయ్యను. తాతయ్య పోయాక ఆరు వాటాలయ్యాయి. ఇద్దరు అమెరికాలో, ఒకరు వైజాగులో, నేను హైదరాబాదులో. ఏటా పెంకు నేయించేవాళ్లు లేరు, చెదలు చూసేవాళ్లు లేరు. బాబాయి ఒక్కడే ఎన్నాళ్లని మొయ్యగలడు? పాత కలప కొనే వ్యాపారి వచ్చాడు. టేపు తీసి స్తంభాలు, దూలాలు, వాసాలు కొలిచి సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగుల, లెక్క కట్టాడు. అతను లెక్క కట్టిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. స్తంభంలో చెక్కడం ఉన్న భాగానికి తరుగు తీసేశాడు, అక్కడ చెక్క సన్నబడింది కాబట్టి. తలుపు రెక్కలో ఇత్తడి పువ్వులు కొట్టిన చోట్లు చిల్లులని తగ్గించాడు. ఇత్తడి పువ్వులు వేరే తూచాడు, గొళ్లేలూ ఊచలూ పాత ఇనుములో వేశాడు. మా ముత్తాత వడ్రంగికి ఏ పని కోసమైతే ఎక్కువ కూలి ఇచ్చి ఉంటాడో, ఆ పనికే మాకు ధర తగ్గింది. మేం ఒప్పుకున్నాం. కాదని చెప్పడానికి మా దగ్గర మాట లేదు. అది ఫలానా అని మాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. కూలీలు ఒక్క మేకూ లాగలేదు. ఆ ద్వారబంధంలో మేకే లేదు. నిలువుకమ్మి చివర తీసిన కుసి పైకమ్మి బెజ్జంలోకి దిగి, అడ్డంగా ఒక వెదురు చీల పట్టి ఉంది. ఆ చీల తడితే నూట అయిదేళ్ల బిగువు రెండు నిమిషాల్లో విడిపోయింది. స్తంభాలు దించాక వాటి తలల మీద ఉలి గీతలు కనిపించాయి. ఒకటి, రెండు, మూడు అని పన్నెండింటి మీదా గీతలు. వాటికి జోడైన గీతలు దూలాల అడుగున ఉన్నాయి. ఏ స్తంభం మీద ఏ దూలం కూర్చోవాలో నేల మీదే అంతా అమర్చి చూసుకుని, గుర్తులు పెట్టుకుని, ముహూర్తం వేళకి ఎత్తి నిలబెట్టారన్నమాట. ఎవరో ఒక పెద్ద వడ్రంగి తన పని తిరిగి చదువుకోవడానికి రాసుకున్న రాత అది. ఫోటో తీసుకోవాలని నాకు తోచలేదు. సాయంత్రానికి పన్నెండు స్తంభాలూ లారీ ఎక్కేశాయి. గడప కింద పోసిన నవధాన్యాలు మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. నాణెం ఒకటి దొరికితే బాబాయి జేబులో వేసుకున్నాడు.

ఆ తరవాత ఆ కలప ఎటు పోతుందో తెలుసుకోవాలని అప్పుడప్పుడూ పాత కలప అడితీలకి వెళ్లి కూర్చోవడం అలవాటైంది. మన డెల్టా కలపా, తెలంగాణ గడీల కలపా, చెట్టినాడు కలపా, కేరళ తరవాడు ఇళ్ల కలపా అక్కడ ఒకే కుప్పలో పడుతుంది. కారైకుడిలో మునీశ్వరన్ కోవెల వీధి, కొచ్చి మట్టాంచేరిలో యూదుల వీధి, ముంబైలో చోర్ బజార్ ఈ వ్యాపారానికి పేరుపడ్డ చోట్లు. జోధ్‌పూర్‌లో పాత కలప సామాన్లు ఎగుమతి కోసమే పెద్ద ఎత్తున తయారవుతాయి. మయన్మార్ 2014 ఏప్రిల్‌లో టేకు దుంగల ఎగుమతి ఆపేశాక పాత బర్మా టేకు మరీ ప్రియమైంది. నిదానంగా పెరిగిన ఆ మాను చెక్క ఇప్పటి తోటల టేకులో దొరకదు. పెళుసు లేదు, మెలి లేదు, చెదకి అంతగా రుచించదు.

అన్నీ ఒక కుప్పలో పడ్డాక బల్ల చేసేవాడికి కావలసింది కొలత కుదరడమే. నేను కొన్న బల్లలో కనీసం మూడు చోట్ల ముక్కలున్నాయని నా అంచనా. అందులో తప్పేమీ లేదు. చూడటానికి అందంగానే ఉంది. కానీ ఊరూ పేరూ లేని సరుకు మధ్య దొంగసరుకు చల్లగా దూరిపోతుంది. మామిడి చెక్కకి కొత్తగా చెక్కడం చెక్కి, గొలుసులతో కొట్టి, మందు పూసి, మంట చూపించి, నూరేళ్ల నాటిదని అమ్ముతున్నారు. చేతికి అలవాటైతే తేడా తెలుస్తుంది. బాడిసె దెబ్బ ఒకదానికొకటి పోలికుండదు, చక్రపు రంపం గీత మాత్రం వంపు తిరిగి ఒకే దూరంలో ఉంటుంది. తరిమెన పట్టిన పాత స్తంభాన్ని చుట్టూ కొలిస్తే నిండు గుండ్రంగా ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ చెక్క నారకి అడ్డంగా కుంచించుకుని కోలగా మారుతుంది. నిజమైన అరుగుదల చెయ్యి తగిలే చోటే ఉంటుంది, దొంగ అరుగుదల అంతటా ఉంటుంది. కొనేవాళ్లందరూ మోకాళ్ల మీద కూర్చుని ఇవన్నీ చూడలేరు. ఒక కాగితం ఉంటే చూడక్కర్లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లకి తక్కువ కాని వయసుండి, కట్టడం నుంచి విడదీసిన వస్తువు ఏదైనా ఆ చట్టం చెప్పే పురావస్తువు నిర్వచనంలోకి వస్తుంది. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు మనిషి వాటిని దేశం దాటించకూడదు. క్రోధి నుంచి లెక్క చూస్తే 2009లో మా సింహద్వారానికి నూట అయిదేళ్లు. మేం సీఎఫ్‌టీ లెక్కన లారీ ఎక్కించింది చట్టం దృష్టిలో పురావస్తువు. ఈ సంగతి మాకు తెలియదు, టేపు పట్టుకొచ్చిన వ్యాపారికీ తెలియదు, మా పంచాయతీలో ఎవరికీ తెలియదు. అది కేంద్ర చట్టమనీ, దాని అమలు ప్రధానంగా భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ చేతిలో ఉందనీ ఎరుగుదును. అయినా ఊళ్లో ఇల్లు పడేది మీ రాష్ట్రాల్లో.

ముక్కలైన కట్టడం పేరు నిలుపుకోవడం కష్టమేమీ కాదు. గుజరాత్‌లోని పాటన్‌లో వాడీ పార్శ్వనాథ జైన ఆలయం ఉంది. 16వ శతాబ్దం చివర చెక్కిన దాని కొయ్య మండపం పైకప్పు ఇప్పుడు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1916లో ఇచ్చినవాళ్లు డి ఫారెస్ట్ సోదరులు. వాళ్లలో లాక్‌వుడ్ డి ఫారెస్ట్ 1881లోనే అహ్మదాబాద్‌లో మగన్‌భాయి హఠీసింగ్‌తో కలిసి చెక్కడం పనివాళ్లతో కార్ఖానా పెట్టి, మన చెక్కడాలని అమెరికా ఇళ్లలోకి పంపినవాడు. మండపం దేశం దాటిపోయిందని నాకూ బాధే. కానీ దాని ముందు నిలబడ్డ ఏ గుజరాతీ అయినా "ఇది మా పాటన్‌ది" అని చెప్పుకోగలడు. హైదరాబాదు దుకాణంలో ఆ గడప ముందు నేను ఆ మాట అనలేకపోయాను.

దగ్గర్లో చూడాలంటే చెన్నై శివార్లలో ముట్టుకాడు దగ్గర 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియం ఉంది. పడగొట్టబోతున్న ఇళ్లని విప్పి, ముక్కముక్కకీ గుర్తు పెట్టి, తెచ్చి తిరిగి నిలబెట్టారు. చెట్టినాడు ఇంటితో పాటు మన నల్గొండ వైపు ఇక్కత్ నేతగాళ్ల ఇల్లూ అక్కడ ఉంది. మణిపాల్‌లో విజయనాథ్ షెణై అనే బ్యాంకు ఉద్యోగి కర్ణాటక ఇళ్లని అలాగే తరలించి ఒక ఊరినే నిలబెట్టాడు. మన రెండు రాష్ట్రాల్లో మండువా లోగిళ్లనీ గడీలనీ సినిమా షూటింగులకి అద్దెకివ్వడం చూశాను గానీ, విప్పేటప్పుడు గుర్తులు పెట్టడం చూడలేదు.

మిమ్మల్ని పెద్ద మ్యూజియం కట్టమని అడగడం లేదు. ఇళ్లు పడగొట్టకుండా ఆపమనీ అడగడం లేదు. ఆపితే ఏమవుతుందో చెప్తాను. అధికారి వస్తాడన్న భయం పుడితే యజమాని రాత్రికి రాత్రే స్తంభాలు కోయించేస్తాడు. భయం పెట్టకుండా ఒక్క పూట అడగండి. డెబ్బై, ఎనభై ఏళ్లు దాటిన ఇల్లు విప్పేముందు యజమాని సచివాలయంలోనో పంచాయతీలోనో ఒక మాట చెప్తే, ఒకరు వచ్చి ఫోటోలు తీసి, ద్వారబంధం, స్తంభాలు, పైకమ్మి కొలతలు రాసుకుంటే చాలు. ఆంధ్రలో గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు, తెలంగాణలో పంచాయతీ కార్యదర్శులు ఉన్నారు. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనూ హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలోనూ పాత కట్టడాల కొలతబొమ్మలు గీయడం నేర్చుకునే పిల్లలు ఉన్నారు. ఆ కాగితం నకలు ఒకటి యజమానికి ఇవ్వండి, ఒకటి కలపతో పాటు వెళ్లనివ్వండి. అడితీవాడు దాన్ని బల్ల అడుగున అంటించి అమ్ముకుంటాడు. పేరున్న సరుకుకి ఎక్కువ ధర పలుకుతుందని అతనికి తెలిసిన నాడు మీరు వెంటపడక్కర్లేదు, అతనే కాగితం అడిగి తీసుకుంటాడు. యజమానికీ చెక్కడానికి తరుగు తీయడం తప్పుతుంది.

చట్టం ఏం చెబుతుందో తెలుగులో ఒక పేజీ రాయించి అడితీల్లో అంటించండి. నూరేళ్ల గీత ఎక్కడుందో, ఎవరిని అడగాలో, ఏది దేశం దాటకూడదో రెండు నిమిషాల్లో చదివి తెలుసుకునేలా ఉండాలి. ఆ పేజీలోనే పాత రంగు గీకే పనివాళ్ల సంగతి కూడా చేర్చండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న కేంద్ర నిబంధన వచ్చింది 2016లో. అంతకుముందు తలుపుల మీద పొరలు పొరలుగా వేసిన ఆకుపచ్చలోనూ నీలంలోనూ ఎంత సీసం ఉందో ఎవరు చూశారు? అడితీ వెనక షెడ్డులో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు ముక్కుకి గుడ్డ కూడా లేకుండా ఆ రంగుని పొడిగా గీకుతున్నారు. ఇది కార్మిక శాఖ పని అని పక్కన పెట్టకండి. ఆ తలుపు మీది కాకపోయినా, దాన్ని కాపాడుతున్న చేతులు అవే.

ఈ లేఖతో పాటు మా ఇంటి కాగితం జతపరుస్తున్నాను. మీ దగ్గర అలాంటి ఫైలు లేకపోతే దీనితో మొదలుపెట్టండి.

మండువా ఇల్లు, కోనసీమ. కట్టించినది క్రోధి సంవత్సరం, అంటే 1904. విప్పినది 2009. స్తంభాలు పన్నెండు, బర్మా టేకు. సింహద్వారం రెక్కలు రెండు, ఒక్కో రెక్క మీద ఇత్తడి పువ్వులు పదహారు. పైకమ్మి మధ్యలో గజలక్ష్మి, ఎడమవైపు ఏనుగు తొండం చివర విరిగి ఉంటుంది, చిన్నప్పుడు మా పెదనాన్న రాయి విసిరి విరగ్గొట్టాడు. పైకమ్మి లోపలివైపు "క్రోధి సం॥" అన్న అక్షరాలు ఉంటాయి. స్తంభాల తలల మీద ఒకటి నుంచి పన్నెండు దాకా ఉలి గీతలు. ఏ ఇంట్లోనైనా, ఏ హోటల్లోనైనా ఈ గుర్తులున్న ముక్క కనిపిస్తే అది మాదే. తిరిగి ఇమ్మని అడగం. ఊరు పేరు రాసుకోమని మాత్రం చెప్పండి.

చెక్కిన వడ్రంగి పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

భవదీయుడు,
ఒక మండువా ఇంటి మనవడు